రిటర్నుల విజయశ్రీ

పిస్కాటవే తెలుగువాళ్ళలో విజయశ్రీ అంటే ఏ విజయశ్రీ అని అడుగుతారు గానీ, రిటర్నుల విజయశ్రీ అంటే ఇక అడగరు. ఏ షాపులో ఏ వస్తువుని ఎన్నాళ్ళలోగా వెనక్కి ఇవ్వొచ్చో, అట్టపెట్టె ఉండాలో అక్కర్లేదో, రసీదు పోతే ఏం చెప్పాలో ఆవిడకి కంఠతా వచ్చు. కొత్తగా కాపరం పెట్టిన పిల్లలు ఫోన్ చేసి, "ఆంటీ, కుర్చీ కొని కొన్నాళ్ళు వాడేశాం, ఇప్పుడు తీసుకుంటారా?" అని అడుగుతారు. "ఎందుకు తీసుకోరమ్మా, మహారాజులా తీసుకుంటారు," అని ధైర్యం చెప్పి, ఏ వేళకి వెళ్తే కౌంటర్‌లో మంచి మనిషి ఉంటుందో కూడా చెప్పి పంపిస్తుంది.

చుట్టాలొస్తే గాలి పరుపులు కొనడం, వాళ్ళు వెళ్ళగానే గాలి తీసి ఇచ్చేయడం. ఎవరిదో సీమంతానికి పెరట్లో వేయడానికి టెంటు తేవడం, సోమవారానికి మళ్ళీ షాపులో అప్పజెప్పడం. చెప్పులకి ట్యాగు తీయకుండా లోపలికి మడిచి పెళ్ళికి వెళ్ళొచ్చిన ఘనత కూడా ఉంది. ఎవరైనా "భలే ఉందే!" అని మెచ్చుకుంటే థాంక్స్ చెప్పదు. "ఎంతకొచ్చిందో చెప్పు చూద్దాం," అంటుంది. అవతలివాళ్ళు ఎంత తక్కువ చెప్పినా, అంతకన్నా తక్కువే అని చెప్పి మురిసిపోతుంది.

ఇందులో తప్పేముందని మీరడిగితే నేను మాత్రం ఏం చెప్పగలను? తీసుకుంటామని వాళ్ళే బోర్డు పెట్టుకున్నారు. పైగా ఆవిడకి ఈ విద్య సరదాకి అబ్బింది కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇక్కడ ఉద్యోగం చేయడానికి ఆవిడకి పర్మిట్ లేదు. ఎమ్మెస్సీ చదివిన మనిషి ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుంది. మొగుడు రాజ్ మందుల కంపెనీలో చేసి జీతం తెచ్చేవాడు, తను ఇలా మిగులు తెచ్చేది. ఆ మిగులు తన సంపాదన అనుకునేది. పర్మిట్ వచ్చింది, ఇల్లు కొన్నారు, కొడుకు సృజన్ కాలేజీకి వెళ్ళిపోయాడు. అవసరం తీరిపోయింది గానీ అలవాటు ఉండిపోయింది.

అలాంటి మనిషి లాప్‌టాప్ విరిగింది.

విరిగిందంటే నిజంగానే విరిగింది. మూతకీ కీబోర్డుకీ మధ్య ఉండే బందు ఊడిపోయి, స్క్రీన్ వెనక్కి వాలిపోవడం మొదలెట్టింది. థాంక్స్‌గివింగ్ సేల్‌లో చలిలో క్యూ కట్టి తెచ్చిన చవక సరుకు అది. దాని వెనకాల పోపులడబ్బా ఆనించి కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ మెడికల్ కోడింగ్ కోర్సు చివరికొచ్చింది. అంటే డాక్టర్లు చేసిన వైద్యానికి ఇన్సూరెన్స్ వాళ్ళకి బిల్లు పంపే పని నేర్పే చదువు. పరీక్ష ఇంట్లోనే, లాప్‌టాప్ మీదే. కెమెరాలోంచి ఎవరో కనిపెట్టుకుని ఉంటారు. మధ్యలో స్క్రీన్ వెల్లకిలా పడితే పరీక్ష గోవిందా.

"ఈసారైనా మంచిది కొను విజయా," అన్నాడు రాజ్. "చవకని చవకని కొంటున్నావు, ఏడాది తిరక్కుండా పారేస్తున్నావు. అన్నీ కలిపితే మంచిదొకటి ఎప్పుడో వచ్చేది."

"మీకేం, అలాగే అంటారు," అంది గానీ, మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇద్దరూ హైవే పక్కనున్న పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళారు. ఒకవైపు చవకవి. మూత నొక్కితే కిర్రుమంటోంది, మీటలు నొక్కితే టపటపమంటున్నాయి. ఇంకోవైపు మంచిది. చేత్తో తీసుకుంటే పలచగా, గట్టిగా ఉంది. ఒక్క వేలితో మూత ఎత్తితే ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. విజయశ్రీ దాన్ని ఎత్తి దించి, ఎత్తి దించి చూసింది. ధర చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ డబ్బుకి చవకవి రెండు కొన్నా ఇంకా మిగిలేట్టుంది.

అటు చూస్తే మనసొప్పదు, ఇటు చూస్తే చెయ్యి రాదు. అలా రెంటికీ మధ్య కాసేపు ఊగింది. ఊగి ఊగి, మొహం విప్పారింది. ఆ విప్పారడం దేనికో రాజ్‌కి తెలుసు.

"మంచిదే తీసుకుందాం," అంది. "పరీక్ష అయ్యేదాకా వాడదాం. గడువు లోపల వెనక్కి ఇచ్చేద్దాం. ఆ తర్వాత ఏదో సేల్ వస్తుంది, చవకది తెచ్చుకుందాం. ఏమంటారు?"

  రాజ్ బండి తాళాలు తిప్పుకుంటూ అటువైపు టీవీలు చూస్తూ నిలబడ్డాడు.

ఆ లాప్‌టాప్ మాత్రం ఆవిడ చేతిలో మహా సుఖంగా ఇమిడిపోయింది. మీటలు మెత్తగా, చప్పుడు లేకుండా పనిచేశాయి. వంటింట్లో గట్టు మీద పెట్టుకుని చదువుకుంది. పరీక్ష పూర్తయింది, పాసయింది. నాణ్యమంటే ఏమిటో జీవితంలో మొదటిసారి వేళ్ళకి తెలిసొచ్చింది, పాపం. అయినా గడువు గడువే. పెట్టెలో సర్దుతుంటే ఎంటర్ మీట అంచున చిన్న పసుపు మరక కనిపించింది. పులిహోర కలుపుతూ ఒంటి చేత్తో పాఠం నొక్కిన రోజుది. దూదితో తుడిచింది, నిమ్మరసంతో తుడిచింది. పోయీ పోనట్టు ఉండిపోయింది. కనపడదులే అనుకుని మూత వేసేసింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ షాపులోనే రిటర్న్ కౌంటర్‌లో వేద పనిచేస్తోంది. వేద అంటే, వీళ్ళ వీధి చివర ఉండే పద్మ కూతురు. పద్మ ఉద్యోగం నుంచి వచ్చేసరికి చీకటి పడేది కాబట్టి, ఎలిమెంటరీ స్కూల్ రోజులన్నీ ఆ పిల్ల బస్సు దిగి విజయశ్రీ ఇంటికే వచ్చేది. పప్పన్నంలో ఆవకాయ కలిపి పెడితే నాలుక బయటపెట్టి హాహా అంటూనే మళ్ళీ పెట్టమనేది. జడలు వేసిందీ, డ్రైవ్‌వేలో సైకిల్ నేర్పిందీ విజయశ్రీయే. ఇప్పుడు వేద కాలేజీలో ఉంది, శనాదివారాలు అక్కడ పనిచేస్తుంది. అందుకే విజయశ్రీ రిటర్న్‌కి మంగళవారం పొద్దున్న బయల్దేరింది. ఎందుకు మంగళవారమంటే, ఖాళీగా ఉంటుందని రాజ్‌కి చెప్పింది. అసలు కారణం అది కాదని ఆవిడకీ తెలుసు. పిల్ల కంట పడకూడదని ఆవిడకి తోచిందంటే, లోపల ఎక్కడో గుచ్చుకుంటోందన్నమాటే కదా!

కానీ సెలవులిచ్చేశారు. కాలేజీ పిల్లలకి సెలవులిస్తే రోజూ పనిలోకి వస్తారని ఆవిడకి తట్టలేదు.

"ఆంటీ!"

కౌంటర్ వెనకనుంచి వేద మొహమంతా నవ్వుతో పిలిచింది. విజయశ్రీ వెనక్కి తిరిగి వెళ్ళిపోదామంటే వెనకాల అప్పటికే నలుగురు నిలబడ్డారు.

"నువ్వేంటే ఇవాళ?" అంది, పెట్టె కౌంటర్ మీద పెడుతూ.

"సమ్మర్ కదా ఆంటీ, డైలీ వస్తున్నా. అయ్యో, ఇది బాగా లేదా? ఇది చాలా గుడ్ మోడల్!" వేద తెలుగు అలాగే ఉంటుంది, ముక్కలు ముక్కలుగా, ముద్దుగా. "ఏం అయింది దీనికి?"

"ఏం లేదమ్మా. నచ్చలేదు, అంతే."

"ఓకే. కానీ ఆంటీ, నేను చెయ్యకూడదు. మనకి తెలిసిన పీపుల్ రిటర్న్ మనం చెయ్యకూడదని రూల్. వన్ మినిట్, మా సూపర్‌వైజర్‌ని పిలుస్తా. ఆవిడ చేసేస్తారు."

ఏ వంకా లేని మాట. పిల్ల తన పని తాను చక్కగా చేసుకుంటోంది. కానీ సూపర్‌వైజర్ అన్న మాట వినగానే విజయశ్రీ పెట్టెని రెండు చేతులా పట్టుకుంది. వస్తువు తెరుస్తారేమో, మరక చూస్తారేమో, వాడేసి తెచ్చావని పదిమందిలో అంటారేమో, అది పద్మ ఇంటిదాకా వెళ్తుందేమో! కళ్ళద్దాలు గొలుసుకి వేలాడదీసుకున్న పొడుగాటావిడ వచ్చింది. వేద ఆవిడతో ఇంగ్లీషులో, ఈవిడ మా ఫ్యామిలీ ఫ్రెండ్, చిన్నప్పటినుంచీ తెలుసు, అందుకని మీరు చేయండి అని చెప్పింది. ఆవిడ విజయశ్రీ వైపు తిరిగి మామూలుగా, మర్యాదగా అడిగింది.

"ఈ అమ్మాయి మీకు తెలుసా?"

"నో," అంది విజయశ్రీ.

ఎలా వచ్చిందో వచ్చేసింది. ఏళ్ళ కిందట వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేముందు గుంటూరులో ఒక వీసా కన్సల్టెన్సీ ఆయన తనలాంటివాళ్ళందర్నీ బెంచీల మీద కూర్చోబెట్టి నూరిపోశాడు. అద్దానికి అవతలివాళ్ళు అడిగినదానికే జవాబు చెప్పాలమ్మా, ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. అక్కడ ఎవరైనా తెలిసినవాళ్ళు ఉన్నారా అంటే లేరనే చెప్పు, ఉన్నారన్నావో ఇంక వంద ప్రశ్నలు. అప్పుడు లేరని చెప్పింది, వీసా వచ్చింది. ఆనాటినుంచీ ఏ కౌంటర్ ముందు నిలబడినా ఆవిడ లోపల ఆ బెంచీ మీది పిల్లే నిలబడుతుంది. వీసాకి పనికొచ్చిన ఆ జవాబు, తన చేతి ముద్దలు తిన్న పిల్ల ఎదుట నోట్లోంచి ఊడిపడింది.

వేద విజయశ్రీ మొహంలోకి చూసింది. నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసేయడం మర్చిపోయినట్టు. వెంటనే "తెలుసు, మా ఆంటీయే" అని వాదించొచ్చు. ఫోన్ తీసి ఫోటోలు చూపించొచ్చు, పుట్టినరోజు కేకు దగ్గర ఈవిడ ఒళ్ళో కూర్చున్నవి బోలెడు. అవేమీ చేయలేదు.

"సారీ," అంది సూపర్‌వైజర్‌తో. "వేరే ఎవరో అనుకున్నాను."

"చూసి మాట్లాడు. కస్టమర్లని ఇబ్బంది పెట్టకూడదు," అని ఆవిడ వెళ్ళిపోయింది. తెలియని మనిషే కాబట్టి, రిటర్న్ వేదే చేయాల్సొచ్చింది.

"రీజన్ ఏమైనా రాయమంటారా, మ్యామ్?" అని ఇంగ్లీషులో అడిగింది వేద, స్క్రీన్ వైపు చూస్తూ.

మ్యామ్!

"వద్దు," అంది విజయశ్రీ.

"డబ్బు అదే కార్డుకి వెనక్కి వేయమంటారా?"

తలూపింది. వేద మూత తెరిచి చూసింది. పసుపు మరక కనపడకుండా ఉంటుందా? ఆ పిల్లకి పసుపంటే ఏమిటో, ఎవరి వంటింటి పసుపో తెలియదా? మరక మీద ఒక్క క్షణం వేలు ఆగింది. మూత వేసేసి, రసీదు చింపి ఇచ్చింది. "హావ్ ఎ గుడ్ డే," అంది. వెనకనున్న మనిషిని రమ్మని పిలిచింది.

పార్కింగ్‌లో కార్ ఎక్కి కూర్చుంది గానీ విజయశ్రీకి స్టార్ట్ చేయబుద్ధి కాలేదు. తల కొట్టేసినట్టయింది. డబ్బులు మొత్తం వెనక్కి వచ్చాయి. ఇలాంటి రోజున ఎప్పుడూ రాజ్‌కి ఫోన్ చేసి "అయిపోయిందండీ!" అని అరుస్తుంది. ఇవాళ ఫోన్ బయటికి తీయలేదు. ఛీ, అనుకుంది. ఛీ ఛీ, నేనేం మనిషిని!

ఆ ఆదివారం పద్మ ఇంట్లో భోజనాలు. తలనొప్పి అని ఎగ్గొట్టింది. సాయంత్రం పద్మ ఫోన్ చేస్తే ఎత్తాలా వద్దా అనుకుంటూ ఎత్తింది. తెలిసిపోయిందనుకుంది.

"ఏం విజయక్కా, రాకుండా ఎగ్గొట్టావు? నీకోసం ఉలవచారు తీసిపెట్టమని వేద మరీమరీ చెప్పింది. డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. రాజ్ గారిని పంపించు."

"వేద ఇంకేమైనా అందా?" అని అడిగేసింది, ఉండబట్టలేక.

"ఏమంటుంది? ఏమిటి సంగతి?"

"ఏం లేదులే."

పిల్ల తల్లికి కూడా చెప్పలేదు. చెప్పి, నాలుగు తిట్లు తిట్టిస్తే బాగుండేది. రాజ్ వెళ్ళి ఉలవచారు తెచ్చాడు. కంచంలో పోసుకుంది గానీ కలపలేదు. అక్కడే, కంచం ముందే, జరిగినదంతా మొగుడికి చెప్పేసింది. ఏడుస్తూనే చెప్పింది.

రాజ్ తన కంచం పక్కకి జరిపాడు. "ఆ లాప్‌టాప్ సంగతి వదిలెయ్," అన్నాడు. "ఆ పిల్ల ఉద్యోగంలో ఉన్న చోట నిజం చెప్పింది. నువ్వు దాన్ని అబద్ధం చేశావు. ఆ పెద్దావిడ ఇప్పుడు వేదని ఏమనుకుంటుంది? మనిషిని చూసి గుర్తుపట్టలేని పిల్ల అనుకుంటుందా, పని తప్పించుకోవడానికి కథలు చెప్పే పిల్ల అనుకుంటుందా?"

ఇన్నాళ్ళూ విజయశ్రీ తన మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నదే ఆలోచించింది గానీ, ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుందన్నది తట్టనేలేదు. సిగ్గులో కూడా ఇంత స్వార్థం ఉంటుందా అని ఆవిడకి ఇంకా సిగ్గేసింది.

శనివారం, షాపు కిటకిటలాడే వేళ చూసుకుని వెళ్ళింది. ఎవరూ లేనప్పుడు అన్న అబద్ధం కాదు కదా, ఎవరూ లేనప్పుడు దిద్దుకోవడానికి.

కౌంటర్‌కి వెళ్ళే దారిలోనే ఓపెన్ బాక్స్ సరుకుల బల్ల ఉంది. ఎవరో కొని వెనక్కి ఇచ్చినవి తగ్గించి అమ్మే చోటు. అక్కడ కనిపించింది. మూత తెరిచి పెట్టారు. ఎంటర్ మీట అంచున లేతగా పసుపు. పక్కన తగ్గించిన ధర చీటీ. చూసిన మరుక్షణం ఆవిడ బుర్ర గబగబా లెక్క వేసేసింది, కొత్తదానికన్నా ఎంత కలిసొస్తుందో! ఓసి నీ ఆశ పాడుగాను, ఎందుకొచ్చావు, ఏం లెక్కలేస్తున్నావు, అని తనని తానే తిట్టుకుంది. చవకదాన్ని కొంటే పారేసుకుంటానని మొగుడు చెప్తే వినలేదు. ఇప్పుడు పారేసుకున్నది ఏ షాపులోనూ దొరికేది కాదు.

అయినా దాన్ని వదిలి వెళ్ళలేకపోయింది. తన వంటింటి మరకని ఇంకెవరి పిల్లో, ఎమ్మెస్‌కి వచ్చిన ఏ కుర్రాడో, తెలియక కొనుక్కుని తుడుచుకుంటూ కూర్చోవడం ఏమిటి? తనే కొనేద్దామని చంకలో పెట్టుకుని కౌంటర్ దగ్గరికి నడిచింది. ఇది కూడా లాభమే అంటే అనండి. ఆవిడ మాత్రం అనుకోలేదు.

వేద చూసింది, చూపు తిప్పుకుంది. సూపర్‌వైజర్ పక్కనే ఉంది. క్యూలో అంతా వింటున్నారు. విజయశ్రీ ఇంగ్లీషు మామూలుగానే బాగా మాట్లాడుతుంది, ఆ క్షణాన మాత్రం కూడబలుక్కోవాల్సొచ్చింది.

"కిందటి వారం మంగళవారం నాడు నన్ను మీరొకటి అడిగారు. ఈ అమ్మాయి నాకు తెలుసా అని. తెలియదన్నాను. అది అబద్ధం. తను చెప్పిందే నిజం. ఈ అమ్మాయి ఆరేళ్ళప్పటినుంచీ నా ఇంట్లో అన్నం తింది. ఈ లాప్‌టాప్‌లో కూడా ఏ లోపమూ లేదు. వాడుకుని తెచ్చాను. ఆ మరక నాదే."

సూపర్‌వైజర్ గొలుసు కళ్ళద్దాలు పెట్టుకుని ఈవిణ్ణి చూసింది, మరకని చూసింది, వేదని చూసింది. "ఆరోజు నిన్ను అనవసరంగా అన్నాను. సారీ," అంది వేదతో. విజయశ్రీతో ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండుననిపించింది విజయశ్రీకి. ఆవిడ క్యూలో తర్వాతి మనిషిని తన వైపు పిలుచుకుని వెళ్ళిపోయింది.

వేద లాప్‌టాప్ అందుకుంది. చీటీ స్కాన్ చేసింది. "బ్యాగ్ కావాలా, మ్యా..." అని ఆగిపోయింది. చుట్టూ చూసింది. కౌంటర్ మీదికి కాస్త వంగి, ఎవరికీ వినపడకుండా, చిన్నప్పుడు ఇంకో ముద్ద అడిగినంత మెల్లగా తెలుగులో అడిగింది.

"ఇక్కడ ఆంటీ అనొచ్చా?"

 "అను తల్లీ," అంది విజయశ్రీ. ఆ మాట ఆ పిల్ల చేత అడిగించుకున్నందుకు తల ఎత్తలేక, చేతిలోనే ఉన్న కార్డు కోసం పర్సంతా వెతుకుతూ నిలబడింది.